గొంతులో చీము, షుగర్ ఉన్న రోగి, డెక్సా ఇంజెక్షన్: ఆసుపత్రిలో స్టెరాయిడ్ ఎంతవరకు అవసరం?

వేములపల్లి ఉపాధ్యాయుడు
సోమవారం, రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. మా బాపు వయసు 61 సంవత్సరాలు, పన్నెండేళ్లుగా షుగర్‌కు మాత్రలు వాడుతున్నారు. ఐదు రోజుల క్రితం గొంతు ఎడమ పక్కన నొప్పి మొదలైంది. సర్ది వల్ల అనుకొని ఊళ్లోనే మాత్రలు తెచ్చుకున్నారు. మూడో నాటికి నొప్పి చెవిలోకి గుంజడం మొదలైంది. శనివారం నుంచి నోరు ఒక వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు, మాట నోట్లో వేడి అన్నం ముద్ద పెట్టుకొని మాట్లాడినట్టు వచ్చింది. ఉమ్మి మింగలేక భుజం మీది తువ్వాలతో తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆదివారం సాయంత్రం నేను ఊరు చేరేసరికి ఆ తువ్వాల పిండితే నీళ్లు కారేటట్టు తడిసి ఉంది. వెంటనే నల్లగొండకు తీసుకువచ్చి ఆసుపత్రిలో చేర్పించాము.

డ్యూటీ డాక్టర్ గారు టార్చి వేసి చూసి, ఎడమ టాన్సిల్ పక్కన చీము పట్టినట్టుందని, ఈఎన్‌టీ డాక్టర్ గారు పొద్దున చూసి తీస్తారని చెప్పి, సెలైన్, యాంటీబయాటిక్‌తో పాటు రాత్రి పది గంటలకు డెక్సామెథసోన్ (డెక్సా) అనే స్టెరాయిడ్ 8 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ ఇచ్చారు. తెల్లవారేసరికి నొప్పి చాలా తగ్గింది. రెండు రోజుల తరువాత మొదటిసారి అర గ్లాసు చాయ్ తాగారు. అయితే పొద్దున షుగర్ 386 వచ్చింది.

నా భయానికి కారణం ఉంది. 2021లో మా చిన్న మేనమామకు కోవిడ్ వచ్చినప్పుడు ఒక చోట రోజుల తరబడి స్టెరాయిడ్ ఇచ్చారు, ఆయనకూ షుగర్ ఉండేది, తరువాత బ్లాక్ ఫంగస్ వచ్చి ఒక కన్ను తీసేయవలసి వచ్చింది. అందుకని అడుగుతున్నాను. స్టెరాయిడ్ రోగనిరోధక శక్తిని తగ్గిస్తుందని అందరూ అంటారు కదా, ఒంట్లో చీము ఉన్నప్పుడే దానిని ఇవ్వడం సరైనదేనా? షుగర్ ఉన్న మనిషికి ఇవ్వవచ్చా? రేపు మళ్లీ ఇస్తామంటే నేను ఒప్పుకోవాలా, వద్దనాలా?


స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్
సోమవారం, రాత్రి 9:32

అన్నా, ముందుగా మూడు విషయాలు చూసి చెప్పండి. బాపు గారు వెల్లకిలా పడుకోగలుగుతున్నారా, లేక కూర్చుంటేనే ఊపిరి సరిగా ఆడుతోందా? గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతులో ఈల వేసినట్టు శబ్దం వస్తోందా? వేలికి పెట్టిన క్లిప్పు మీద ఆక్సిజన్ ఎంత చూపిస్తోంది? పడుకోలేకపోయినా, శబ్దం వచ్చినా, ఉమ్మి మళ్లీ మింగలేకపోయినా ఇక్కడ సమాధానం కోసం ఎదురుచూడకుండా వార్డులో ఉన్న సిస్టర్‌ను వెంటనే పిలవండి.


వేములపల్లి ఉపాధ్యాయుడు
సోమవారం, రాత్రి 9:45

అక్కా, వెల్లకిలానే పడుకున్నారు, శబ్దం ఏమీ లేదు, ఆక్సిజన్ 97 ఉంది. చీము ఈ రోజు మధ్యాహ్నం తీశారు, ఆ సంగతి కంగారులో రాయలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, నోట్లో మత్తు స్ప్రే కొట్టి, పెద్ద సూది గుచ్చి లాగితే సిరంజీలోకి పసుపు పచ్చ చీము దాదాపు 7 మిల్లీలీటర్లు వచ్చింది. తరువాత కొద్దిగా కోసి మిగిలింది కూడా బయటికి వచ్చేలా చేశారు. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. బాపు ఉమ్మేసి, నోరు పుక్కిలించి, "ఇప్పుడు ప్రాణం లేచొచ్చింది బిడ్డా" అన్నారు.


ఈఎన్‌టీ వైద్యుడు, నల్లగొండ జిల్లా
సోమవారం, రాత్రి 10:50

నేను మీ బాపు గారిని చూడలేదు కనుక ఆయన చికిత్సను నిర్ణయించేది అక్కడి వైద్యులే. మీరు రాసినదాన్ని బట్టి అది క్విన్సీ, అంటే టాన్సిల్‌కూ దాని వెనుక ఉన్న కండరానికీ మధ్య చీము చేరడం. దవడను కదిలించే కండరాలు ఆ చీముకు ఆనుకొనే ఉంటాయి కాబట్టి అవి బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు. టార్చి వేస్తే కొండనాలుక అవతలి పక్కకు నెట్టుకుపోయి కనిపిస్తుంది. ఈ రోగికి అసలు వైద్యం రెండే: చీమును బయటికి తీయడం, యాంటీబయాటిక్ ఇవ్వడం. ఈ రెండూ జరిగాయి కనుక మీరు సగం నిశ్చింతగా ఉండవచ్చు.

ఇక స్టెరాయిడ్ సంగతి. సూక్ష్మజీవిని చంపే గుణం దానికి లేదు. సూక్ష్మజీవిని ఎదుర్కొనే ప్రయత్నంలో మన శరీరం సృష్టించే వాపును అది అణచివేస్తుంది: రక్తనాళాల గోడల గుండా నీరు బయటికి ఊరడం తగ్గుతుంది, నొప్పిని పుట్టించే పదార్థాల తయారీ తగ్గుతుంది, కణాల గుంపు అక్కడికి చేరడం తగ్గుతుంది. గొంతు ఇరుకైన దారి. చేతి మీద వస్తే ఎవరూ పట్టించుకోనంత వాపు గొంతులో వస్తే మనిషి నీళ్లు మింగలేడు, ఒక్కొక్కసారి గాలి కూడా పీల్చలేడు. కాబట్టి యాంటీబయాటిక్ పని మొదలుపెట్టేలోగా, చీము తీసేలోగా, ఆ కొన్ని గంటలు రోగి మింగగలగడానికీ నోరు కొంత తెరవగలగడానికీ ఒక మోతాదు డెక్సామెథసోన్ ఇస్తాము. నోరు తెరుచుకుంటేనే మాకు చీము తీయడం వీలవుతుంది, ఇది కూడా చిన్న విషయం కాదు. క్విన్సీలో దీనిపై జరిగిన పరిశోధనలు చిన్నవి. వాటిలో కనిపించింది ఏమిటంటే చీము తీసిన మొదటి రోజున నొప్పి తక్కువగా ఉంటుంది, వారం తరువాత చూస్తే ఇచ్చినవారికీ ఇవ్వనివారికీ తేడా ఉండదు.

మీ మేనమామ గారి విషయంలో మీ బాధ అర్థమవుతుంది. ఆ సంవత్సరం రాష్ట్రంలో బ్లాక్ ఫంగస్ రోగుల కోసం కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిని ప్రత్యేకంగా కేటాయించారు, వార్డులన్నీ నిండిపోయాయి. ఆ రోగుల్లో ఎక్కువ మందిలో మూడు అంశాలు కలిసి కనిపించాయి: అదుపులో లేని షుగర్, కోవిడ్, రోజుల తరబడి అవసరానికి మించి వాడిన స్టెరాయిడ్. 2020 జూన్‌లో బ్రిటన్లో రికవరీ అనే పెద్ద పరిశోధన చెప్పింది కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ రోజుకు 6 మిల్లీగ్రాములు, అదీ గరిష్ఠంగా 10 రోజులు, అదీ ఆక్సిజన్ అవసరమైన రోగులకే అని. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదని కూడా అదే పరిశోధన చెప్పింది. ఆ రెండో మాట మన దగ్గర చాలా మంది చెవికి ఎక్కలేదు. ఒకటి రెండు మోతాదులతో ఆపే గొంతు వైద్యాన్ని మీరు దానితో పోల్చవలసిన అవసరం లేదు.

అయినా మీ బాపు గారికి షుగర్ ఉంది కాబట్టి రెండో మోతాదు నిజంగా అవసరమా అని అడగడం మీ హక్కు. చీము వచ్చేసి, నోరు తెరుచుకొని, చాయ్ మింగుతున్న మనిషికి నేనైతే మళ్లీ ఇవ్వను.


పీజీ విద్యార్థి, పాలమూరు
సోమవారం, రాత్రి 11:25

డాక్టర్ గారి మాటకు నేను కొంత జోడించాలనుకుంటున్నాను. చీము లేని మామూలు గొంతు నొప్పిలో కూడా ఒక్క మోతాదు స్టెరాయిడ్ పనిచేస్తుందా అనే దానిపై మంచి ఆధారాలు ఉన్నాయి. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో పది పరిశోధనలను, మొత్తం 1426 మంది రోగులను కలిపి చూసిన విశ్లేషణ వచ్చింది. నొప్పి తగ్గడం మొదలయ్యే సమయం సగటున 4.8 గంటలు, పూర్తిగా పోయే సమయం సుమారు 11 గంటలు ముందుకు జరిగింది. దాని ఆధారంగా ఐదేళ్లు దాటినవారికి ఒక్క మోతాదు ఇవ్వవచ్చని బలహీనమైన సిఫారసు చేశారు. పెద్దలకు 10 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్, పిల్లలకు కిలోకు 0.6 మిల్లీగ్రాముల చొప్పున, 10 మించకుండా.

అదే ఏడాది ఇంగ్లండులో, వెంటనే యాంటీబయాటిక్ అవసరం లేదని వైద్యులు తేల్చిన పెద్దవారిపై టోస్ట్ అనే పరిశోధన జరిగింది. 24 గంటల వద్ద స్టెరాయిడ్‌కూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 48 గంటల వద్ద మాత్రం పూర్తిగా నయమైనవారు స్టెరాయిడ్ వాడినవారిలో 35 శాతం, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 27 శాతం. అమెరికాలోని అంటువ్యాధుల నిపుణుల సంఘం 2012 మార్గదర్శకంలో స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పికి స్టెరాయిడ్ వద్దనే చెప్పింది. అంటే పెద్ద పెద్ద సంఘాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. నా అభిప్రాయంలో, నొప్పితో విలవిలలాడుతూ ఆసుపత్రికి వచ్చిన మనిషికి ఒక్క మోతాదు ఇవ్వకపోవడం కూడా అన్యాయమే.


ఈఎన్‌టీ వైద్యుడు, నల్లగొండ జిల్లా
సోమవారం, రాత్రి 11:48

మీరు చెప్పిన అంకెలతో నాకు తగాదా లేదు. ఆ పరిశోధనల్లో ఎవరిని తీసుకున్నారో కూడా చూడండి. నోరు తెరుచుకోనివారిని, చీము పట్టినవారిని, షుగర్ అదుపులో లేనివారిని చాలావరకు మినహాయించారు. నొప్పి ఎక్కువగా ఉన్నవారిలో లాభం ఎక్కువగా, తక్కువగా ఉన్నవారిలో తక్కువగా కనిపించింది. మన ఓపీకి వచ్చే నూరు మంది గొంతు నొప్పుల్లో ఎక్కువ శాతం వైరస్ వల్ల వచ్చి నాలుగైదు రోజుల్లో వాటంతట అవే పోయేవి. పదకొండు గంటలు ముందుగా తగ్గుతుందని అందరికీ డెక్సా రాస్తే ఆ మాత్ర ఊరూరా అలవాటవుతుంది. వార్డులో చేరినవారి సంగతి వేరు. అక్కడ షుగర్ చూసేవాళ్లు ఉంటారు, శ్వాస గమనించేవాళ్లు ఉంటారు, ఒక మోతాదు ఇచ్చి ఆపడానికి వీలుంటుంది.


ఫార్మసిస్టు, దేవరకొండ
మంగళవారం, ఉదయం 7:15

డాక్టర్ గారు "ఊరూరా అలవాటవుతుంది" అన్నారు. అయ్యా, అది ఎప్పుడో అలవాటైంది. నేను ఇరవై ఏళ్లుగా కౌంటర్ దగ్గర నిలబడుతున్నాను. గొంతు నొప్పి అని వచ్చినవారి చేతిలో పాత పొట్లం ఉంటుంది, అందులో ఒక పెద్ద మాత్ర, ఒక పసుపు మాత్ర, ఒక చిన్న తెల్ల మాత్ర. "పోయినసారి ఈ చిన్నదానితోనే తక్కువైంది, ఇదే ఇవ్వు" అని వేలుపెట్టి చూపిస్తారు. ఆ చిన్నది దాదాపు ఎప్పుడూ బీటామెథసోనో, డెక్సామెథసోనో అయి ఉంటుంది. అది షెడ్యూల్ హెచ్ మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. నేను ఇవ్వనంటే పక్క వీధికి వెళతారు.

ఇంకొకటి. మా వైపు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి కీళ్లు బిగుసుకుపోయిన పెద్దలు ఎందరో ఉన్నారు. ఆ నొప్పులకు ఎప్పటి నుంచో ఏదో ఒక సూది వేయించుకుంటూ ఉంటారు, అందులో ఏముందో వాళ్లకు తెలియదు. ఉపాధ్యాయుడు గారూ, మీ బాపు గారు మోకాళ్లకో నడుముకో సూదులు వేయించుకున్నారేమో అడగండి. ఐదు రోజులు ఊళ్లో వాడిన మాత్రల అట్టలు దొరికితే వెంటనే డాక్టర్‌కు చూపించండి.


వేములపల్లి ఉపాధ్యాయుడు
మంగళవారం, ఉదయం 8:40

అన్నా, మీ పోస్టు చదివి అమ్మకు ఫోన్ చేశాను. బియ్యం డబ్బా మీద ఉన్న పొట్లాలు వెతికి ఫోటో పంపింది. చిన్న తెల్ల మాత్ర ఉంది. ఇక్కడి సిస్టర్ గారు చూసి డెక్సామెథసోన్ 0.5 మిల్లీగ్రాము అన్నారు. బాపు దానిని రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు మింగారు. అంతే కాదు, మోకాళ్ల నొప్పికి రెండు మూడు నెలలకు ఒకసారి సూది వేయించుకుంటున్నానని ఇప్పుడు చెబుతున్నారు. అడ్మిట్ అయ్యేటప్పుడు "ఏమైనా మందులు వాడుతున్నారా" అని అడిగితే "షుగర్ గోలీలే" అని నేనే చెప్పాను. కొడుకునై ఉండీ నాకు తెలియలేదు, ఇది పొద్దుటి నుంచి నన్ను తొలుస్తోంది. ఇప్పుడు డ్యూటీ డాక్టర్ గారికి చెప్పి కేస్ షీటులో రాయించాను.


ఈఎన్‌టీ వైద్యుడు, నల్లగొండ జిల్లా
మంగళవారం, ఉదయం 9:30

ఈ సమాచారం చాలా ముఖ్యం, రాయించి మంచి పని చేశారు. మొదటి నాలుగు రోజులు జ్వరం పెద్దగా కనిపించకపోవడానికి, ఊళ్లో "తగ్గుతోంది" అనుకోవడానికి ఆ చిన్న మాత్రే కారణమై ఉండవచ్చు. సరైన యాంటీబయాటిక్ లేకుండా స్టెరాయిడ్ ఒక్కటే పడితే జ్వరం, నొప్పి అణిగి ఉంటాయి, చీము మాత్రం లోపల తన పని తాను చేసుకుపోతుంది. అది మెడ లోతుల్లోకి, అక్కడి నుంచి ఛాతీలోకి జారితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చీము తీసిన తరువాత కూడా మెడ వాపు, ఛాతీ నొప్పి, మళ్లీ జ్వరం వస్తే సీటీ స్కాన్ చేయిస్తాము.

రక్తపరీక్షలో తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయని మీకు చెప్పి ఉంటారు. స్టెరాయిడ్ పడిన తరువాత ఆ అంకె దానంతట అదే పెరుగుతుంది. రక్తనాళాల గోడలకు అంటుకొని ఉన్న కణాలు విడివడి రక్తప్రవాహంలోకి వస్తాయి. కాబట్టి రేపు ఆ అంకె ఒక్కటే చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందని బెంబేలు పడవద్దు. డాక్టర్లు జ్వరం, నోరు తెరుచుకునే వెడల్పు, మింగుడు, వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష సీఆర్‌పీ అన్నీ కలిపి చూస్తారు.

మోకాలి సూదుల్లో నిజంగా స్టెరాయిడ్ ఉంటే మరో చిక్కు ఉంది. మన మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ ఒంటి సొంత స్టెరాయిడ్ అయిన కార్టిసోల్‌ను తయారుచేస్తాయి. బయటి నుంచి పదేపదే స్టెరాయిడ్ వస్తూ ఉంటే అవి పని మానేస్తాయి. అటువంటి మనిషికి పెద్ద ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు బీపీ పడిపోవచ్చు, నీరసం, వాంతులు, అయోమయం రావచ్చు. అలా అయితే డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ ఇవ్వవలసి వస్తుంది, అప్పుడు మీరు "స్టెరాయిడ్ వద్దు" అని అడ్డుపడకూడదు. నిన్న రాత్రి నేను మళ్లీ ఇవ్వను అన్నది వాపు కోసం ఇచ్చే మోతాదు గురించి మాత్రమే.


కల్వకుర్తి వాసి
మంగళవారం, ఉదయం 10:05

నాకు ఒక సందేహం. మా బావమరిదికి మూడేళ్ల క్రితం ఇదే గడ్డ వచ్చింది. అతనికి చీము తీసి యాంటీబయాటిక్ ఇచ్చారు, స్టెరాయిడ్ అసలు ఇవ్వలేదు, నాలుగో రోజు ఇంటికి వచ్చాడు. స్టెరాయిడ్ లేకుండా తగ్గేదానికి ఇంత ప్రమాదమున్న మందు ఎందుకు వాడాలి?


పీజీ విద్యార్థి, పాలమూరు
మంగళవారం, ఉదయం 10:40

తగ్గుతుంది, ఎక్కువ మందికి తగ్గుతుంది. క్విన్సీలో స్టెరాయిడ్ తప్పనిసరి అని ఎవరూ అనడం లేదు. అయితే గొంతు జబ్బులన్నీ ఒకే రకం కావు. కింది దవడ పళ్ల నుంచి చీము నాలుక కిందికి, గదవ కిందికి పాకి నాలుకను పైకి ఎత్తివేసే జబ్బు ఒకటి ఉంది. 1836లో లుడ్‌విగ్ అనే జర్మన్ వైద్యుడు వర్ణించాడు కనుక ఆయన పేరుతో పిలుస్తారు. శ్వాసనాళం పైనుండే మూత, ఎపిగ్లాటిస్, వాచిపోయే జబ్బు ఇంకొకటి. ఈ రెండింటిలో రోగి గంటల్లో ఊపిరాడక పోవచ్చు. వీటిలో చాలా చోట్ల స్టెరాయిడ్ ఇస్తారు, కానీ దాని వల్లే ప్రాణాలు దక్కాయని చెప్పగల గట్టి ఆధారం లేదు. అక్కడ ప్రాణం నిలిపేది గాలి దారి: అవసరమైతే ట్యూబు వేయగల మత్తు డాక్టర్, గొంతుకు రంధ్రం చేయగల సర్జన్ పక్కన ఉండాలి. స్టెరాయిడ్ ఇచ్చాము కదా, పొద్దుటి దాకా చూద్దాం అని కూర్చుంటే అదే ప్రమాదం. డెక్సా పని మొదలవడానికే కొన్ని గంటలు పడుతుంది.


చరిత్ర అధ్యాపకుడు, గద్వాల
మంగళవారం, ఉదయం 11:20

గాలి దారి అన్నారు కనుక ఒక్క మాట. అమెరికా మొదటి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1799 డిసెంబరు 14న చనిపోయింది గొంతు వాపుతోనే. అది ఎపిగ్లాటిస్ వాపు అయి ఉంటుందని నేటి వైద్యుల్లో చాలా మంది భావిస్తారు. ముగ్గురు వైద్యులు పక్కనే ఉన్నారు, పదేపదే నెత్తురు తీశారు. వారిలో చిన్నవాడు గొంతుకు రంధ్రం చేద్దామన్నాడు, మిగతావారు ఒప్పుకోలేదు. స్టెరాయిడ్ అప్పటికి లేనే లేదు. 1948లో హెంచ్ అనే వైద్యుడు కీళ్లవాతం ఉన్న రోగికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశాడు. రెండేళ్లకే, 1950లో, ఆయనకూ కెండాల్, రైష్‌స్టైన్‌లకూ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.


అచ్చంపేట తల్లి
మంగళవారం, మధ్యాహ్నం 1:15

మా బాబుకు నాలుగేళ్లు. చలికాలంలో ఒక రాత్రి కుక్క మొరిగినట్టు దగ్గు, గాలి పీలిస్తే శబ్దం వచ్చింది. ఆసుపత్రికి తీసుకువెళితే ఒక్కసారి డెక్సామెథసోన్ తాగించి, మూడు నాలుగు గంటలు ఉంచి పంపించారు. అప్పుడు బాగానే తగ్గింది. ఈ చర్చ చదివిన తరువాత అది తప్పేమోనని భయం వేస్తోంది.


పిల్లల వైద్యురాలు, సూర్యాపేట
మంగళవారం, మధ్యాహ్నం 3:50

భయపడకండి అమ్మా, అది సరైన వైద్యం. దానిని క్రూప్ అంటారు, ఎక్కువగా వైరస్ వల్ల వస్తుంది. గొంతు జబ్బుల్లో స్టెరాయిడ్‌కు బాగా బలమైన ఆధారం ఉన్నది ఇక్కడే. ఒక్క మోతాదు చాలు. చిన్న బిడ్డ శ్వాసమార్గం వ్యాసం 4 మిల్లీమీటర్లు అనుకోండి. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాపు వస్తే మిగిలే దారి నాలుగో వంతే. పెద్దవారిలో అంతే వాపు వచ్చినా తెలియకపోవచ్చు. అందుకే పిల్లల్లో ఆ వాపును త్వరగా దించడానికి ఇంత ప్రాధాన్యం ఇస్తాము, మరీ ఇబ్బందిగా ఉంటే అడ్రినలిన్ ఆవిరి కూడా పట్టిస్తాము.

అదే పిల్లవాడు దగ్గు లేకుండా, ఎక్కువ జ్వరంతో, ముందుకు వంగి కూర్చొని, ఉమ్మి కార్చుకుంటూ ఉంటే అది ఎపిగ్లాటిస్ వాపు కావచ్చు. అప్పుడు నోట్లో స్పూను పెట్టి చూడకూడదు, ఏడిపించకూడదు, తల్లి ఒడిలో కూర్చోబెట్టుకొనే ఆసుపత్రికి తీసుకురావాలి. దానికి ముఖ్య కారణమైన హిబ్ అనే సూక్ష్మజీవికి టీకా ఐదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్‌లోనే ఉంది. 2011 చివరలో కేరళ, తమిళనాడుల్లో మొదలై తరువాత దేశమంతటికీ వచ్చింది.

ఇక కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. అది పోయిందని అనుకుంటారు, పోలేదు. గొంతులో బూడిద రంగు పొర పడుతుంది, గీకితే నెత్తురు వస్తుంది, మెడ ఎద్దు మెడలా ఉబ్బుతుంది. అక్కడ ప్రాణం కాపాడేది ఆ సూక్ష్మజీవి వదిలే విషానికి విరుగుడైన యాంటీటాక్సిన్, అది ఎంత త్వరగా పడితే అంత మేలు. ఆ విషం గుండెను, నరాలను దెబ్బతీయకుండా స్టెరాయిడ్ ఆపలేదని పరీక్షించి చూశారు. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఈ జబ్బుకు చాలా కాలంగా పేరున్న చోటు. పిల్లలకు ఒకటిన్నర ఏడు దాటాక, మళ్లీ ఐదేళ్లకు ఇచ్చే డీపీటీ బూస్టర్లు, 10, 16 ఏళ్లకు ఇచ్చే టీడీ టీకా మన దగ్గర ఎక్కువగా మరచిపోతారు. దయచేసి కార్డు తీసి చూసుకోండి.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. వారాల తరబడి టాన్సిల్స్ వాచి, మెడలో గడ్డలు కట్టి, మొహం పాలిపోయి, ఒంటి మీద నీలి మచ్చలు ఉన్న బిడ్డకు రక్తపరీక్ష చేయకుండా స్టెరాయిడ్ ఇవ్వకూడదు. అది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ అయితే స్టెరాయిడ్ దానిని కొన్నాళ్లు అణచి, రోగనిర్ధారణను కష్టం చేస్తుంది. నా దగ్గరికి అలా వచ్చిన ఒక పాప ఉంది. నాలుగు వారాలు వృథాగా పోయాయి. ఆ తల్లి ముఖం నేను మరచిపోలేను.


స్టాఫ్ నర్సు, మహబూబ్‌నగర్
మంగళవారం, సాయంత్రం 6:30

డ్యూటీ ముగించుకొని ఇప్పుడే చూశాను. షుగర్ గురించి నేను చెబుతాను, ఎందుకంటే రాత్రిళ్లు వేళ్లు గుచ్చేది మేమే. డెక్సామెథసోన్ ప్రభావం ఒక్క మోతాదుకే ఒకటిన్నర నుంచి రెండు రోజులకు పైగా ఉంటుంది. అదే హైడ్రోకార్టిసోన్ అయితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు. కాబట్టి ఈ రోజు ఆపేసినా రేపు, ఎల్లుండి షుగర్ ఎక్కువగానే చూపించవచ్చు. పరగడుపున చూసిన అంకె బాగుందని ఊరుకోకుండా మధ్యాహ్నం, రాత్రి భోజనం తరువాత కూడా చూపించండి, స్టెరాయిడ్ పెంచే షుగర్ ఎక్కువగా తిన్న తరువాతే బయటపడుతుంది. ఇన్సులిన్ పెడితే "జీవితాంతం అలవాటవుతుంది" అని బాపు గారు వద్దనవచ్చు. మా దగ్గర పెద్దవాళ్లు చాలా మంది అదే అంటారు. స్టెరాయిడ్ దిగేదాకా నాలుగైదు రోజులకే అని చెప్పి ఒప్పించండి. స్టెరాయిడ్ ప్రభావం తగ్గుతున్నకొద్దీ ఇన్సులిన్ కూడా తగ్గించాలి, లేకపోతే షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే వెంటనే చెప్పండి.

మరొక చిన్న సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. డెక్సా నరంలోకి గబగబా ఎక్కిస్తే కొందరికి మర్మస్థానం దగ్గర భరించలేని మంట, దురద ఒక నిమిషం పాటు వస్తుంది. ఆడవాళ్లు సిగ్గుతో చెప్పుకోలేక మంచం పట్టె పట్టుకొని వణికిపోవడం నేను చూశాను. సెలైన్‌లో కలిపి కొన్ని నిమిషాల పాటు మెల్లగా ఇస్తే రాదు. కొత్తగా వచ్చే చెల్లెళ్లకు నేను మొదట నేర్పేది ఇదే. దానితో పాటు నొప్పి గోలీలు ఖాళీ కడుపున వేయవద్దు. స్టెరాయిడ్, నొప్పి మాత్ర రెండూ కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం పెరుగుతుంది.


హాలియా గృహిణి
మంగళవారం, రాత్రి 8:05

గర్భిణులకు ఈ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా? మా చెల్లెలికి ఆరో నెల, గొంతు నొప్పి విపరీతంగా ఉంది.


పిల్లల వైద్యురాలు, సూర్యాపేట
మంగళవారం, రాత్రి 8:40

దానిని ఇంట్లో కూర్చొని నిర్ణయించకండి, రేపు పొద్దుననే గైనకాలజిస్టుకూ ఈఎన్‌టీ డాక్టర్‌కూ చూపించండి. డెక్సామెథసోన్ మాయ గుండా బిడ్డకు చేరుతుంది. మరో స్టెరాయిడ్ అయిన ప్రెడ్నిసొలోన్‌ను మాయ చాలావరకు నిర్వీర్యం చేస్తుంది. ఏది అవసరమో, అసలు అవసరమో కాదో వాళ్లు చూసి చెప్పాలి. గర్భిణులకు పారాసిటమాల్, పెన్సిలిన్ జాతి యాంటీబయాటిక్‌లు సాధారణంగా భయం లేనివి.


వేములపల్లి ఉపాధ్యాయుడు
గురువారం, సాయంత్రం 5:20

అందరికీ చెప్పవలసిన బాధ్యత నా మీద ఉంది. మంగళవారం మధ్యాహ్నం డాక్టర్ గారు వచ్చినప్పుడు, మళ్లీ డెక్సా ఉంటుందా అని నేనే అడిగాను. నోరు రెండు వేళ్లు పట్టేంత తెరుచుకుంది, ఇక అవసరం లేదని కొట్టివేశారు. ఆ రోజు రాత్రి షుగర్ 410 దాకా వెళ్లింది, ఇన్సులిన్ పెట్టారు. బుధవారం 290, ఈ పొద్దున 168. బీపీ మూడు రోజులూ సరిగానే ఉంది. మోకాలి సూదుల సంగతి విని, నీరసం ఎక్కువైతే చూద్దామని కార్టిసోల్ పరీక్ష రాసి పెట్టారు. నిన్న మధ్యాహ్నం బాపు పెరుగన్నం తిన్నారు.

ఈ రోజు డిశ్చార్జి కాగితం ఇచ్చారు. బస్టాండు దాకా వచ్చి చదివితే అందులో యాంటీబయాటిక్ పేరు, షుగర్ మాత్రలు ఉన్నాయి, డెక్సామెథసోన్ ఇచ్చినట్టు ఒక్క ముక్క లేదు, ఊళ్లో వాడిన చిన్న మాత్ర సంగతీ లేదు. బాపును అమ్మ దగ్గర బెంచీ మీద కూర్చోబెట్టి నేను మళ్లీ వార్డుకు వెళ్లాను. డ్యూటీ డాక్టర్ గారు విసుక్కోకుండా కేస్ షీటు తెప్పించి, ఇచ్చిన తేదీ, 8 మిల్లీగ్రాములు, ఒక్క మోతాదు అని రాసి, కింద "అంతకుముందు 5 రోజులు స్టెరాయిడ్ మాత్రలు; మోకాలికి పలుమార్లు ఇంజెక్షన్లు, మందు తెలియదు" అని చేర్చి సంతకం చేశారు.


ఫార్మసిస్టు, దేవరకొండ
గురువారం, సాయంత్రం 6:02

ఆ కాగితానికి రెండు జిరాక్సులు తీయించి, ఒకటి బాపు గారి షుగర్ పుస్తకంలో, ఒకటి బియ్యం డబ్బా మీద ఆ పొట్లాలు ఉన్న చోటే పెట్టండి. పొట్లాలు మాత్రం అమ్మ చేత తీసి పారేయించండి.